నీలవేణి కాగితం, వరాలమ్మ గొట్టం

మీ తాత నెత్తిన జుట్టుండేదని ఆయన చెప్పుకునే రోజులకన్నా ముందు, అనగా అనగా గంగిరేవు అని ఒక ఊరుండేది. అప్పుడు ఫోన్లెక్కడివి అమ్మమ్మా అని అడక్కు చంటీ. కథలో ఉన్నాయి, అంతే.

ఆ ఊరికో రాజు. రాజంటే పెద్ద పనేం ఉండదు, పొద్దున్నే లేచి ఏదో ఒకటి చాటింపు వేయించాలి. ఒకరోజు ఏమీ తోచక, రాజ్యంలో ప్రతి కొట్టుకీ వెబ్‌సైటుండి తీరాలని వేయించాడు. గాజుల కొట్టాయన ఉలిక్కిపడ్డాడు, దర్జీ ఉలిక్కిపడ్డాడు, వైద్యుడు ఉలిక్కిపడ్డాడు. చింతచెట్టు మీది దెయ్యం కూడా ఉలిక్కిపడింది. దానికసలు కొట్టే లేదు.

ఉలిక్కిపడనిది ఒక్క నీలవేణే. వరాలమ్మగారి కోడలు. ఆ పిల్ల వెబ్‌సైట్ టెంప్లేట్లు చేసి అమ్మేది. టెంప్లేటంటే కొత్తగా కట్టిన ఖాళీ ఇల్లనుకోండి. గోడలుంటాయి, గూళ్ళుంటాయి, సామాను కొనుక్కున్నవాళ్ళు సర్దుకోవాలి. ఎలా ఉంటుందో చూపించడానికని నీలవేణి ఆ గూళ్ళలో మామిడిపళ్ళ ఫొటోలు పెట్టి, పైన 'మీ కొట్టు పేరు ఇక్కడ' అని రాసి పెట్టింది. ఊ కొడుతున్నారా? సిరీ, నువ్వు కొట్టడంలేదు.

అయితే ఊరికే అమ్మేస్తే కుదరదుట. దాంతో ఏం చేసుకోవచ్చో, ఏం చేసుకోకూడదో రాసి ఒక కాగితం ఇవ్వాలి. లైసెన్సంటారు. నీలవేణికి టెంప్లేట్లు చెయ్యడం వచ్చుగానీ కాగితాలు రాయడం రాదు. పట్నంలో ఏదో పెద్ద కంపెనీ కాగితం చూసి అలాగే దించేసింది. 'ఒక్క అక్షరం మార్చరాదు, ఒక్క బొమ్మ కదపరాదు' అని.

గంగిరేవు జనం కాగితానికి మహా భయపడతారు. ఎవరూ ఏమీ మార్చలేదు. గాజుల కొట్టు వెబ్‌సైటులో మామిడిపళ్ళు, దర్జీ వెబ్‌సైటులో మామిడిపళ్ళు, వైద్యుడి వెబ్‌సైటులో మామిడిపళ్ళు. అన్ని కొట్ల పేరూ ఒకటే, 'మీ కొట్టు పేరు ఇక్కడ'. పొరుగూరి నుంచి ఒకాయన గంపతో వచ్చి వైద్యుణ్ణి డజను బంగినపల్లి అడిగాడు. వైద్యుడు ఆయన నాలుక చూసి కషాయం ఇచ్చి పంపాడు.

ఊరంతా వచ్చి నీలవేణి గుమ్మంలో కూర్చుంది. ఆ పిల్ల సిగ్గుపడిపోయి, పాత కాగితం చింపేసి ఇంకోటి రాసింది. 'ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు' అని. మొహమాటం చూశారా? మీ పిన్నీ ఇంతే, పెళ్ళిలో పెట్టిన చీర కూడా ఎవరో బాగుందన్నారని ఇచ్చేసి వచ్చింది.

ఆ ఊళ్ళోనే గవర్రాజని ఒకడున్నాడు. పనిచేస్తే నడుం పట్టేస్తుందని పుట్టిన దగ్గర్నుంచీ జాగ్రత్తగా ఉన్నవాడు. వాడొక టెంప్లేటు కొన్నాడు. అడుగున చిన్నగా ఉన్న నీలవేణి పేరు తీసేసి, పైన పెద్దగా తన పేరు పెట్టి, చుట్టుపక్కల ఏడూళ్ళలో అమ్మేశాడు. దెయ్యం కూడా వాడి దగ్గరే కొంది. దానికెందుకని మాత్రం అడక్కండి, దాన్నే ఎవరూ అడగలేదు.

అక్కడితో ఆగాడా? ఆగితే మన కథ ఇక్కడే అయిపోయేది. తిన్నగా రాజుగారి దగ్గరికెళ్ళి, నీలవేణి నా టెంప్లేట్లే తనవని అమ్ముతోంది, ఆ అమ్మాయి ఇకమీదట ఒక్కటి కూడా అమ్మకుండా చాటింపు వేయించండి అని ఫిర్యాదు చేశాడు. చాటింపనేసరికి రాజుగారికి ప్రాణం లేచొచ్చింది.

నీలవేణిని పిలిపించారు. ఆ పిల్ల చేతిలో ఉన్న పని అదొక్కటే. చాటింపు పడితే ఆ చెయ్యి ఖాళీ. వెనకే అత్తగారు వరాలమ్మ కూడా బయల్దేరింది. ఎవరూ పిలవలేదు. ఆవిణ్ణి పిలవాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

రాజుగారు గవర్రాజుని, నువ్వు టెంప్లేటుతోపాటు ఇచ్చే కాగితమేదీ అని అడిగాడు. వాడు దర్జాగా తీసిచ్చాడు. వాడి బద్ధకం ఎంతటిదంటే, కాగితంలో ముక్క కూడా మార్చలేదు. రాజుగారు పైకి చదివాడు. "ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు."

"ఏమయ్యా గవర్రాజూ, ఎవరైనా అన్నావు కదా. ఆ ఎవరైనాలో ఈ పిల్ల లేదా?"

గవర్రాజు కాగితం లాక్కుని మడిచేలోపే రాజుగారు చాటింపు లేదు పొమ్మన్నాడు. ఆ కాగితం చదువుతుంటే విన్నవాళ్ళు సాయంత్రానికల్లా ఆ టెంప్లేటే అమ్మడం మొదలెట్టారు. వాడి బావమరిది అందరికన్నా ముందు.

నీలవేణికి చాటింపు తప్పిందిగానీ మనసు కుదుటపడలేదు. ఇచ్చేసిన కాగితాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు కదా. కొత్త టెంప్లేటు చేస్తే దానికేం రాయాలి? గట్టిగా రాస్తే మామిడిపళ్ళు, వదులుగా రాస్తే గవర్రాజు. దిగులుగా వంటింట్లో కూర్చుంది.

అంతలో పక్కింటి చిట్టెమ్మ జంతికల గొట్టం అరువడగడానికొచ్చింది. వరాలమ్మ గొట్టం ఇస్తూ అరిచింది. ఆవిడ మామూలుగా మాట్లాడటమే అది.

"జంతికలు నీ ఇష్టమే! ఎన్నైనా చేసుకో, కారం వేసుకో, మానుకో, సంతలో అమ్ముకో. గొట్టాన్ని మాత్రం ఇంకొకళ్ళకి ఇచ్చావంటే ఊరుకోను. దాన్ని చూసి ఇంకో గొట్టం చేయించి అమ్మినా ఊరుకోను. అడుగున నా పేరు కొట్టించాను, అది గీకావో, నీ గుమ్మం ముందు కూర్చుంటా!"

నీలవేణి చటుక్కున లేచింది. "అత్తయ్యా, మళ్ళీ చెప్పండి."

"దేనికే? నీకు గొట్టం కావాలా?"

"రాసుకోవాలి."

చెప్పినట్టే రాసింది. టెంప్లేటు కొన్నవాళ్ళు దాంతో తమ కొట్టు పెట్టుకోవచ్చు, రంగు, బొమ్మ, పేరు ఏదైనా మార్చుకోవచ్చు. టెంప్లేటుని మాత్రం ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. అడుగున ఉన్న పేరు తీయకూడదు. గుమ్మం ముందు కూర్చోవడం సంగతి మాత్రం వదిలేసింది.

కొత్త టెంప్లేటు చూసి రాజుగారు కోటకీ ఒకటి కావాలన్నాడు. కాగితం చదివి మొహం ముడుచుకున్నాడు. ఇంత పెద్ద కోట వెబ్‌సైటు కింద, రవ్వంతైనా సరే, ఇంకొకళ్ళ పేరెందుకుండాలి, తీసెయ్యమన్నాడు. నీలవేణి ఇంటికొచ్చి అత్తగారికి చెప్పుకుంది. రాజుకి తీస్తే రేపు అందరికీ తియ్యాలి.

అప్పుడు వరాలమ్మ తిన్నగా కోటకెళ్ళి, రాజుగారు భోంచేసే వెండి కంచం తెప్పించమంది. తెచ్చారు. తిరగేసింది. అడుగున రాజుగారి మామగారి పేరు చెక్కి ఉంది.

"ఇన్నేళ్ళుగా ఇందులోనే తింటున్నారు కదా బాబూ, అన్నం రుచేమైనా తగ్గిందా?"

రాణిగారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజుగారు కంచం వంక చూశాడు, రాణిగారి వంక చూశాడు, కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆపైన గాజుల కొట్టు వెబ్‌సైటులో గాజులు, దర్జీ వెబ్‌సైటులో రవికలు, వైద్యుడి వెబ్‌సైటులో కషాయాలు. అన్నిటి అడుగునా చిన్నగా నీలవేణి. గవర్రాజు కూడా ఒకటి కొనుక్కుని, నడుంనొప్పి తైలం కొట్టు పెట్టుకున్నాడు, బాగానే నడుస్తోంది. దెయ్యానిది మాత్రం పాత టెంప్లేటే. ఇప్పటికీ దాన్ని మామిడిపళ్ళడుగుతూనే ఉన్నారు.

కాబట్టి పిల్లలూ, ఏదైనా ఇచ్చేముందే ఎంతవరకు ఇస్తున్నారో చెప్పి ఇవ్వండి. ఇచ్చాక ఏడిస్తే నా దగ్గర కూడా మందు లేదు.

కథ కంచి బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. మీరిక దుప్పట్లోకి దూరండి. ఈ కథ ఎవరికైనా చెప్పుకోండి, అందులో ఏమైనా కలుపుకోండి. చివర్లో మాత్రం అమ్మమ్మ చెప్పిందనండి.