ఖాళీ పీఠానికి తలకొరివి

వెనకటికి ఒకానొక రాజ్యంలో ధర్మాసనమని ఒకటుండేది. ఐదు పీఠాలు, వాటి మీద ఐదుగురు న్యాయాధికారులు. ఎక్కడా తెగని తగాదా చివరికి అక్కడికే చేరేది. ఆ ఐదుగురిలో ముగ్గురు ఏ మాటంటే ఆ మాటే చెల్లేది, రాజుగారికైనా సరే.

ఆ రాజు పేరు విజయగండ భూపతి. ఆయన కొలువుకి వస్తున్నప్పుడు వందిమాగధులు బిరుదులు చదవడం మొదలుపెడితే, అవి పూర్తయ్యేసరికి ముసలి మంత్రులు గోడకి చేరగిలబడేవారు. అన్నింట్లోకి మొదటి బిరుదు మీసరగండ. మీసమున్న మగవాళ్లందరికీ మొనగాడని దాని అర్థం. తన నోట వచ్చిన మాటకి తిరుగు లేదని రాజుకి గట్టి నమ్మకం. దాన్ని కాదనగలిగినవాడు కొలువులో ఒక్కడే, విదూషకుడు పేరన్న. నవ్వించి కాదనేవాడు గనక అతని తల ఇంకా భుజాల మీదే ఉంది.

ఆ ఏడు వానల్లేవు. పల్లెల్లో గంజి కూడా పుట్టడం లేదు. రాజుగారి ధాన్యపు గాదెలు ఖాళీ అయ్యాయని జనం గొణుక్కుంటుంటే, గాదెలు నిండుగా ఉన్నాయని దండోరా వేయించమన్నాడు రాజు. దండోరా వేసే పోశయ్యకి ఆకలితో కూతురు పోయి నెలైనా కాలేదు. అతను బజారు నడిమధ్య నిలబడి డప్పు కొట్టి, చెప్పమన్న మాటే చెప్పాడు. చివర్న ఒక్క మాట చేర్చాడంతే.

"రాజుగారి గాదెలు నిండుగా ఉన్నాయహో, ఎలకలతో."

బజారంతా నవ్వింది. పోశయ్య మాత్రం నవ్వలేదు. రాజద్రోహమన్నారు, ఉరి అన్నారు, చెరసాలలో పడేశారు. వ్యవహారం ధర్మాసనం ముందుకి వచ్చింది. ఇద్దరు న్యాయాధికారులు ఉరి తియ్యాల్సిందేనన్నారు. ఇద్దరు కూడదన్నారు. అందరిలోకి పెద్దవాడైన కేదారయ్య తన మాట గురువారం చెబుతానన్నాడు. రాజు ఊరుకోవచ్చు కదా, గురువారం నాడే తీర్పు, ఆరు నూరైనా అది మారదని తన పేరు మీద ఊరంతా చాటించాడు. ఉరికొయ్య కూడా నాటించాడు.

బుధవారం పొద్దున కేదారయ్య స్నానం చేసి, తలపాగా చుట్టుకుంటూ చుట్టుకుంటూనే కూలిపోయాడు. జనం ఏవేవో అనుకున్నారు గానీ అందులో ఎవరి చెయ్యీ లేదు, ఆయన వయసే ఆయన్ని తీసుకుపోయింది.

కేదారయ్య పేరన్నకి వరసకి అన్న. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. పొద్దు వాలితే ఇద్దరూ అరుగు మీద పులిజూదం వేసుకుని కూర్చునేవాళ్లు. పేరన్న పరుగున వెళ్లేసరికి శవం వాకిట్లో ఉంది, సగం చుట్టిన తలపాగా పక్కనే పడి ఉంది. దాన్ని చూసి పేరన్నకి ఏడుపు ఆగలేదు.

కానీ వచ్చేపోయేవాళ్లని చూశాక ఆ ఏడుపు కాస్తా కోపంగా మారింది. సేనాపతిగారి మనిషి శవానికి దండం పెట్టి, ఆ చేతులు దించకుండానే పీఠం ఎవరికిస్తారని పక్కవాణ్ణి అడిగాడు. మంత్రిగారి అల్లుడు పూలదండ వేసి, ఆ పీఠం తన జాతకంలో ఉందని గుమ్మం దాటకముందే ముగ్గురికి చెప్పాడు. ఏడవడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఇంతమంది పీఠం గురించి మాట్లాడుతున్నారు గానీ, రేపు పొద్దున ఆ పీఠం మీద ఎవరు కూర్చుంటే పోశయ్య ఏమవుతాడన్న మాట ఎవరి నోటా రాలేదు.

పేరన్నకి మాత్రం అదే పట్టుకుంది. న్యాయాధికారులు చెరిసగమైతే నిందితుణ్ణి వదిలెయ్యాలన్నది తాతలనాటి కట్టడి. రేపు ఐదో పీఠం ఖాళీగా ఉంటే పోశయ్య బతుకుతాడు. నిండితే చస్తాడు. ఆ సంగతి రాజుకీ తెలుసు. అందుకే శవం లేవకముందే కొలువుకి రమ్మని అందరికీ కబురొచ్చింది. పేరన్న లేచి, శవం దగ్గర పని కోసం పిలిపించిన మంగలి కోటప్పని కూడా వెంటబెట్టుకుని కోటకి వెళ్లాడు. అతన్ని కొలువు గుమ్మం బయట కూర్చోబెట్టి, కత్తి బాగా నూరుతూ ఉండమన్నాడు.

కొలువులో రాజు పక్కన ఆయన బావమరిది చినగోపాల దొర కూర్చుని ఉన్నాడు. మీసానికి అటొకటి ఇటొకటి నిమ్మకాయలు నిలబెట్టొచ్చు. తగువు తీర్చడం సంగతి అటుంచి, తగువు పూర్తిగా వినే ఓపిక కూడా ఆయనకి ఏనాడూ లేదు. రేపటి నుంచి కేదారయ్య పీఠం దొరదేనని రాజు ప్రకటించాడు. ఉరి కూడదన్న న్యాయాధికారుల్లో ఒకాయన లేచి, శవమింకా వాకిట్లోనే ఉంది, కర్మ అయ్యేదాకా ఆగడం మర్యాద కదా అని నెమ్మదిగా అన్నాడు.

రాజు గొంతు సవరించుకున్నాడు. "పీఠం తండ్రి లాంటిది. దాన్ని ఎక్కినవాడు పోయినవాడికి కన్నకొడుకుతో సమానం. కొడుకుండగా తండ్రి స్థానం ఖాళీ అవడమేమిటి? ఇది మా మాట. రాయండి."

రాయసకాడు తాటాకు మీద గంటంతో రాసేశాడు. అంతలో పేరన్న ముందుకొచ్చి చినగోపాల దొర కాళ్ల దగ్గర కూర్చుని భోరున ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నావని రాజు గద్దించాడు.

"సంతోషం పట్టలేక మహాప్రభూ. మా అన్నకి తలకొరివి పెట్టేవాడెవరా అని పొద్దుటి నుంచి కుమిలిపోతున్నాను. తమరు ఏకంగా కొడుకునే ఇచ్చారు. దొరగారూ, లేవండి బాబూ. ఎండెక్కుతోంది. మంగలిని కూడా తీసుకొచ్చాను."

గుమ్మం బయట కత్తి నూరుతున్న శబ్దం లోపలికి స్పష్టంగా వినిపించింది.

చినగోపాల దొర చెయ్యి మీసం మీదకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. "బావగారూ, మా నాన్నగారు బతికే ఉన్నారు," అన్నాడు చిన్నగా.

రాజుకి అప్పుడు తట్టింది. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయిస్తే, తండ్రి చావు కోరినట్టే. ఆ తండ్రి రాజుగారికి పిల్లనిచ్చిన మామ. సరిహద్దు కోటలో ఆయన గుర్రపు దళమే లేకపోతే ఈ సింహాసనానికి కాపలా లేదు. పైగా తలకొరివి పెట్టినవాడికి పది రోజులు మైల. మైలలో ఉన్నవాడు ధర్మాసనం గడప తొక్కకూడదు.

మంత్రిగారి అల్లుడి కోసం చూస్తే అతను స్తంభం చాటుకి తప్పుకున్నాడు. సేనాపతి మనిషి ఎటో చూస్తున్నాడు. రాజుకి పౌరుషం వచ్చింది.

"అయితే ఆ పీఠం మీద రేపు మేమే కూర్చుంటాం."

"అంతకన్నా భాగ్యమా మహాప్రభూ," అని పేరన్న గుమ్మం వైపు తిరిగాడు. "కోటప్పా, లోపలికి రా. నీళ్లు కూడా తెచ్చుకో. ప్రభువులవారికట."

కోటప్ప గిన్నె, కత్తి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మీసరగండుడు ఆ కత్తి వైపు చూశాడు. రాసిన తాటాకు వైపు చూశాడు. మాట వెనక్కి తీసుకోవాలంటే నిండు కొలువులో తీసుకోవాలి. తీర్పు రోజు మారుద్దామంటే ఊరంతా చాటింపు అయిపోయింది. పేరన్న తల ఆ క్షణాన తెగుతుందనే అందరూ అనుకున్నారు. పేరన్న కూడా అనుకున్నాడు.

రాజు మీసం ముందు కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. చివరికి సింహాసనం అదిరేలా నవ్వాడు. రాజు నవ్వాడు గనక కొలువంతా నవ్వింది. రేపు నలుగురే కూర్చుంటారని చెప్పి, తన చేతి కంకణం తీసి పేరన్నకి ఇవ్వబోయాడు.

పేరన్న వెనక్కి జరిగాడు. "ఇప్పుడు కాదు ప్రభూ. నాకు మైల."

మెట్టు మీద కూర్చుని కోటప్పకి మొహం అందించాడు. ఆ కత్తి పొద్దుటి నుంచీ అతని కోసమే. ఆ సాయంత్రం అన్నకి తలకొరివి పెట్టాడు.

గురువారం ధర్మాసనం ఇద్దరిద్దరుగా విడిపోయింది, పోశయ్యని వదిలేశారు. అతను పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఆ పూటే పొరుగు రాజ్యానికి దాటిపోయాడు. కేదారయ్య బతికుంటే ఏ మాట చెప్పేవాడో పేరన్నకి కూడా తెలియదు. ఇద్దరూ ఆ మాట ఎన్నడూ అనుకోలేదు.

మైల తీరింది. పదకొండో నాడు చినగోపాల దొర మీసానికి నెయ్యి రాసుకుని, మేళతాళాలతో వచ్చి ఐదో పీఠం ఎక్కాడు. గాదెల మీద పాట కట్టారని ఇద్దరు పల్లెవాళ్లని కట్టేసి ఆయన ముందు నిలబెట్టారు. వ్యవహారం ఒక్క పూటలో తేలిపోయింది, ముగ్గురు ఉరి అన్నారు.

ఆ సాయంత్రమే పేరన్న కంకణం అందుకోవడానికి కొలువుకి వెళ్లాడు. రాజు మంచి హుషారు మీద ఉన్నాడు.

"ఏం పేరన్నా, మూతి బోడిగా ఉందే."

"మీసానిదేముంది మహాప్రభూ. పోయినా మళ్లీ మొలుస్తుంది."

రాజు విరగబడి నవ్వి, కంకణం అతని చేతికి స్వయంగా తొడిగాడు. కొలువంతా నవ్వింది. ఉరి కూడదన్న ఇద్దరు ముసలి న్యాయాధికారులు మాత్రం తలలు వంచుకున్నారు. పేరన్న కూడా నవ్వాడు, అది అతని ఉద్యోగం.