ఎలుగమ్మ విప్పేసిన ముడి

రెండు కొండల నడుమ వాగు మలుపు తిరిగే చోట వారానికోసారి జంతువుల సంత జరిగేది. ఉడుతలు కరక్కాయలు తెచ్చేవి. కుందేళ్ళు దుంపలు తెచ్చేవి. తాబేలు తాత తామరగింజలు తెచ్చి ఒడ్డునే గుట్టగా పోసుకుని కూర్చునేవాడు. సంతలో అందరికంటే మంచి చోటు ఎలుగమ్మది. వాగు దాటి వచ్చేవాళ్ళకు మొదట కనిపించే బండ అది. దాని మీద ఆమె తేనె అమ్మేది. వాళ్ళమ్మ కూడా అక్కడే అమ్మింది.

సంత సింహం దివాణానిది. తొలకరికి ముందు దివాణం తరఫున కొంగ వచ్చి ఒక్కొక్క దుకాణం లెక్క చూసేవాడు. సరుకు ఎంత వచ్చింది, ఎంత అమ్ముడుపోయింది, ఎంత మిగిలింది అని అడిగేవాడు. సరిగా చెప్పినవాళ్ళు ఆశీలు కట్టి తమ చోటు నిలబెట్టుకునేవాళ్ళు. చెప్పలేనివాళ్ళ చోటు ఇంకొకరికి పోయేది. ఆ రోజు దగ్గరపడుతోందంటే చిన్న వ్యాపారులకు అన్నం సయించేది కాదు.

వాళ్ళ బెంగ తీర్చింది గిజిగాడు. అతనికి సంతలో దుకాణం లేదు. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు గూడు అల్లుకుంటూ, కింద వీళ్ళు పడే అవస్థ చూసి, ఓ వేసవిలో లెక్కతీగ తయారుచేశాడు. సరుకు వస్తే ఒక రకం ముడి, అమ్మితే ఇంకో రకం, పాడైపోతే మరో రకం. తీగను ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమితే మిగిలింది ఎంతో తెలిసిపోయేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

"ఎవరైనా కట్టుకోండి, ఎవరైనా మార్చుకోండి," అని మాత్రం చెప్పాడు. "మార్చిన ముడిని తెచ్చి ఈ చెట్టుకు వేలాడదీయండి, నలుగురికీ పనికొస్తుంది. తేడా వస్తే తీగను ఉన్నదున్నట్టు నా దగ్గరికి తెండి. చూస్తే గానీ చెప్పలేను."

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. అలవాటయ్యాక పురమాయింపులు మొదలయ్యాయి.

"గిజిగా, దుంపల ముడి మరీ గట్టిగా ఉంది, వదులు చెయ్యి!"

"కరక్కాయల తీగ ఇంకా పొడుగ్గా ఉండాలని పోయిన వారమే చెప్పానుగా? ఏం చేస్తున్నట్టు?"

"పిల్లలకు మేత పెట్టి వస్తాను," అనేవాడు గిజిగాడు. వచ్చేవాడు కూడా.

ఆ ఏడు దివాణం కొత్త నిబంధన పెట్టింది. కొండతేనెకూ పుట్టతేనెకూ ఆశీలు వేరు, కాబట్టి లెక్కా వేరుగా చూపాలి. ఎలుగమ్మ తన తీగ మీద రెండు తేనెలకూ ముడులు వేసింది. పుట్టతేనె అమ్మినప్పుడల్లా కొండతేనెలోంచి తగ్గుతోంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సంత నిండుగా ఉన్న వేళ తుమ్మచెట్టు కిందికి వచ్చి నిలబడింది.

"ఏమయ్యా గిజిగా! ఉన్నావా, ఎగిరిపోయావా?"

"ఉన్నానక్కా. చెప్పు."

"చెప్పడానికేముంది? నీ తీగ తగలెయ్య! ఒక తేనె అమ్మితే ఇంకో తేనె తగ్గుతోంది. కొంగ ముందు నా గతేం కాను?"

"తేడా ఉండే ఉంటుందక్కా. ఒకే తీగ మీద రెండు రకాలు నేనెప్పుడూ కట్టి చూడలేదు. ఏదీ, చూపించు."

ఎలుగమ్మ తీగ చాపింది. గిజిగాడు కిందికి దిగి ముక్కుతో చివరిదాకా తడిమాడు. పాత ముడులు ఉన్నాయి గానీ తప్పు పడిన చోటు నున్నగా ఉంది.

"తప్పు ముడి ఏదక్కా?"

"విప్పేశాను."

"విప్పేశావా?"

"మరి? తప్పు లెక్కను దుకాణానికి తోరణం కట్టుకోమంటావా? చూసినవాళ్ళు నవ్వరూ?"

"ముడి ఉంటేనే గదక్కా, ఎక్కడ జారిందో నాకు తెలిసేది. ఇంకొక్కసారి అలాగే కట్టి చూపించు."

"అదొకటా నాకు! తేనె పట్టుకోనా, నీ ముడులు నీకే చూపించనా? కట్టింది నువ్వు, చూసుకోవాల్సింది నువ్వు. తొలకరి లోపల సరిచేసి నా బండ దగ్గరికి తెచ్చివ్వు."

గిజిగాడు తీగను ఆమె చేతికిచ్చేశాడు. "జీతం పుచ్చుకునేవాడినైతే అలాగే తెచ్చేవాణ్ణక్కా," అన్నాడు, నవ్వే ప్రయత్నం చేస్తూ.

"ఓహో, జీతం లేకపోతే బాధ్యతా ఉండదన్నమాట! మరి ఇది మా మెడకెందుకు తగిలించావు?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఎలుగమ్మకు ఆ నవ్వు తన వైపే ఉందనిపించి సంతోషమేసింది. గిజిగాడు తిరిగి కొమ్మ మీదికి ఎగిరిపోయాడు.

ఇదంతా నక్కన్న విన్నాడు. కాసేపాగి బండ దగ్గరికి వచ్చాడు.

"ఎలుగక్కా, ఊరికే ఇచ్చినవాణ్ణి నిలదీస్తే ఎవడు పలుకుతాడు చెప్పు? నాకు ఏడాదికి రెండు ముంతల తేనె పొయ్యి. నీ లెక్క నేను చూస్తాను. పిలిస్తే పలుకుతాను. తప్పొచ్చిందా, ఇదిగో, ఈ మెడ పట్టుకో!"

మెడ పట్టుకోవచ్చు అన్న మాట ఎలుగమ్మకు తేనెకన్నా తియ్యగా తగిలింది. అక్కడికక్కడే రెండు ముంతలూ పోసింది. తన తీగ కూడా అతని చేతికిచ్చింది.

నక్కన్న చేసిన పనల్లా ఆ తీగ మీది ముడులన్నీ విప్పి, తనకు తప్ప ఎవరికీ అంతుబట్టని వరసలో మళ్ళీ కట్టడం. ఆ మార్పు చెట్టుకు వేలాడదీయలేదు.

"ఎలా కడుతున్నావో ఓసారి చూడనీ," అంది ఎలుగమ్మ.

"భోజనానికి వచ్చినవాళ్ళు వంటింట్లోకి తొంగి చూస్తారా అక్కా? విస్తట్లోకి వచ్చాక తిందువుగాని."

తర్వాతి సంతకు తాబేలు తాత ఆమెను పిలిచాడు. "అమ్మాయ్, పచ్చి గింజలు, ఎండు గింజలు అని రెండు రకాలు కట్టబోతే నాకూ నీ తిప్పలే వచ్చాయి. తప్పు ముడి చెదరకుండా ఆకులో చుట్టి తీసుకెళ్ళాను. గిజిగాడు చూసి సరిచేశాడు. చెట్టుకు వేలాడుతోంది, వెళ్ళి నేర్చుకో."

"నాకు నక్కన్న ఉన్నాడులే తాతా. తేనె పోసి పెట్టుకున్నాను. ఊరికే వచ్చేవి నాకొద్దు."

కొంగ వచ్చిన రోజు ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఎలుగమ్మ బండ తుడిచి, నక్కన్నను పక్కన నిలబెట్టుకుంది. కొంగ తీగను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో కొండతేనె ఏది, పుట్టతేనె ఏది?"

"మొత్తం తేనె లెక్క సరిగ్గా ఉందండీ," అన్నాడు నక్కన్న.

"మొత్తం నాకక్కర్లేదు. వేరువేరుగా చెప్పండి."

నక్కన్న ఎలుగమ్మ చెవి దగ్గరికి వంగాడు. "విడదీయడమంటే వేరే పనక్కా. మనం అనుకున్నదాంట్లో అది లేదు. ఇంకో నాలుగు ముంతలు పోస్తే..."

"పోస్తాను! విడదీయి!"

నక్కన్న తీగ వైపు చూశాడు. ముడులు ఎలా దాచాలో అతనికి తెలుసు గానీ లెక్క ఎలా విడదీయాలో తెలియదు. "వచ్చే వారం చేస్తాను," అన్నాడు.

"కొంగగారు ఇప్పుడుంటే వచ్చే వారమేమిటి? ఏదీ నీ మెడ?"

ఆమె చేయి చాపేలోగా నక్కన్న బండ కింది బొరియలో దూరాడు. ఆ బొరియ నక్కకు సరిపోయేంతే ఉంది. ఎలుగమ్మ చేయి మోచేతిదాకా వెళ్ళి ఇరుక్కుంది. లాక్కోవడానికే అవస్థ పడింది.

"సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను," అన్నాడు కొంగ. మంచివాడే. ఎలుగమ్మ తీగ పట్టుకుని తుమ్మచెట్టు దగ్గరికి పరుగెత్తింది. చెట్టు కింద తాబేలు తాత ఒక్కడే ఉన్నాడు.

"గిజిగాడేడీ?"

"వెళ్ళిపోయాడమ్మా. పై వాగు దగ్గర గూడు అల్లుకుంటున్నాడట."

"నా మాటకేనా?"

"నువ్వొక్కదానివే అన్నావా? నేను మాత్రం ఏనాడైనా నాలుగు గింజలు తీసుకోరా అన్నానా?" అన్నాడు తాత. తర్వాత తీగ అందుకుని చాలాసేపు తడిమాడు. "ఇది కట్టినవాడికి తప్ప తెలియదు. నీ పాత ముడులుంటే, వాటి పక్కన ఈ చెట్టుకున్న కొత్త ముడి వేసి ఇప్పుడే విడదీసి ఇచ్చేవాణ్ణి."

"అవన్నీ నక్కన్న విప్పేశాడు తాతా."

"తీగ అతని చేతికి ఎలా వెళ్ళింది?"

"నేనే ఇచ్చాను."

సాయంత్రానికి ఆ బండ ఇప్పపువ్వు అమ్మే అడవిపందికి రాసిచ్చారు. ఎలుగమ్మ ముంతలు సర్దుకుని, సంతకు చివర, జనం తిరిగిపోయే దారిలో చోటు చూసుకుంది. అక్కడికి వచ్చేసరికి ఎవరి చేతుల్లోనూ తేనె కొనేందుకు ఏమీ మిగిలేది కాదు.

వానలు తగ్గాక ఆమె ఒకరోజు మంచి కొండతేనె ముంత చంకన పెట్టుకుని పై వాగుకు వెళ్ళింది. గిజిగాడు తలకిందులుగా వేలాడుతూ గూడు అల్లుతున్నాడు. ఆమెను చూడగానే ఆగిపోయాడు.

"ఏమక్కా, ఇంత దూరం? తీగ మళ్ళీ ఇబ్బంది పెట్టిందా?"

"లేదు. ఊరికే, నిన్ను చూసిపోదామని వచ్చాను."

గిజిగాడు ఇంకా ఎదురు చూస్తున్నాడు, ఏదో ఒకటి అడగక మానదని. ఆమె ఏమీ అడగలేదు. ముంత దించి చెట్టు మొదట్లో పెట్టింది.

"నీకోసమే తెచ్చాను."

గిజిగాడు ముంత వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "నేను తేనె తాగనక్కా," అన్నాడు మెల్లగా. "గింజలు తింటాను."

ఇన్నేళ్ళు ఆ తుమ్మచెట్టు కిందికి వెళ్ళి వచ్చిన ఎలుగమ్మకు ఆ సంగతి తెలియదు. ముంత మళ్ళీ చంకనెత్తుకుని కొండ దిగింది.

నీతి: ఊరికే సాయం చేసినవాడు మనకు బాకీ పడ్డవాడు కాడు.