ఏసోబు చెప్పులు

ఏమర్రా, విరిగిన ఎముక అతుక్కుంటే వైద్యం అయిపోయినట్టేనా? తొందరపడి చెప్పకండి. ముందు వినండి.

ఒక ఆసుపత్రిలో పానకాలరావుగారని ఎముకల డాక్టరు ఉండేవారు. ఆయన దగ్గర ఫణీంద్ర పని నేర్చుకునేవాడు. ఒకరోజు నసీమా అనే పదేళ్ళ పిల్ల సైకిలు మీంచి పడి వచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. బెణుకేలే అన్నారందరూ. ఫణీంద్ర మాత్రం మోకాలికి కాస్త పైన ఎముక మీద ఒక్క వేలితో నొక్కాడు. పిల్ల కెవ్వుమంది. వెంటనే రెండో మోకాలికీ ఎక్స్‌రే తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

మీ ఎముకల చివర్లో మెత్తటి పొర ఒకటుంటుంది. కాలు పొడుగయ్యేది అక్కడే. ఎక్స్‌రేలో అది సన్నటి నల్ల సందులా ఉంటుంది. దెబ్బ తగిలిన కాలిలో ఆ సందు వెడల్పుగా ఉంది. అర్థమైందా? విరిగింది ఆ పొర దగ్గర. ఫణీంద్ర పిండికట్టు వేశాడు.

ఆరు వారాలకు కట్టు విప్పితే పిల్ల చక్కగా నడిచింది. తల్లీకూతుళ్ళను పంపించి గురువుగారి దగ్గరికొచ్చాడు.

"అందరూ బెణుకన్నారు సార్. నేను పట్టుకున్నాను. నయమైపోయింది."

"బాగా పట్టుకున్నావు. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నావు?"

"రానక్కర్లేదన్నాను సార్. రెండు బస్సులు మారి రావాలి, పాపం. ఎముక అతుక్కుందిగా!"

ఆయన ఎక్స్‌రే గదిలో పనిచేసే ఏసోబును పిలిచారు.

"నీ చెప్పులు ఓసారి ఇటివ్వు."

"ఇవ్వాళ నా చెప్పులకు పెళ్ళిచూపులాండీ?" అంటూ విప్పాడు ఏసోబు.

ఆయన వాటిని బల్లమీద పెట్టారు. ఎడమ చెప్పు అడుగు రెండు వేళ్ళ మందం ఎక్కువ.

"చిన్నప్పుడు కాలు విరిగితే కట్టు సరిగా వేయలేదా?" అన్నాడు ఫణీంద్ర.

"భలేవారే! బ్రహ్మాండంగా వేశారండీ. రెండు నెలల్లో పరిగెత్తాను. ఇక రావద్దన్నారు. ఏడాది తర్వాత చూస్తే ఈ కాలు పెరగడం మానేసింది."

"ఎవరా డాక్టరు?"

ఏసోబు చూపు గురువుగారి మీదికి వెళ్ళింది. పానకాలరావుగారు చెప్పులు తీసుకుని, దుమ్ము చేత్తో తుడిచి, వంగి ఏసోబు కాళ్ళ ముందు పెట్టారు.

ఫణీంద్ర బస్‌స్టాపు వైపు పరిగెత్తాడు. బస్సెక్కబోతున్న నసీమా తల్లిని ఆపి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఎన్నాళ్ళు రమ్మనమంటారు సార్?"

"ఆ పిల్ల ఎదగడం పూర్తయ్యేదాకా."

సరే, ఇక లేవండర్రా. మినప్పప్పు పొట్టు సగమే తీశాను. వెళ్తున్నా.