నీడలమ్మ గుడిలో ఒక్క ఆకు చోటు

పూర్వం కళింగసీమలో ఓడవ్యాపారం చేసి కుబేరుణ్ణి తలదన్నిన పోతిశెట్టి అనే వర్తకుడుండేవాడు. ఆయన ధర్మపత్ని గౌరసాని పరమపదించిన నాటినుండి ఆయనకు అన్నం సయించలేదు. వెండిపళ్లెంలో పంచభక్ష్య పరమాన్నాలు వడ్డించినా, ఎదురుగా కూర్చుని మరో ముద్ద తినమనే మనిషి లేక, నాలుగు మెతుకులు కతికి లేచిపోయేవాడు. వైద్యులు చూర్ణాలిచ్చారు, జ్యోతిష్కులు శాంతులు చేయించారు. వారి ఆకలి తీరిందే గాని శెట్టిగారికి ఆకలి పుట్టలేదు.

ఒక జ్యేష్ఠమాసంలో ఆయన పల్లకీ తాటితోపుల నడుమనున్న ఒక కుగ్రామం మీదుగా సాగుతోంది. ఆనాడక్కడ గ్రామదేవత నీడలమ్మ గుడికి కప్పు నేస్తున్నారు. తొలకరికి ముందు ఇంటికొక్క తాటాకు తెచ్చి ఊరంతా కలిసి గుడి నేయడం వారి ఆచారం. కిందివాడు ఆకు అందించాలి, పైవాడు అందుకోవాలి. పొలంగట్టు తగాదాలతో ఏడాది పొడవునా మొహాలు చూసుకోనివారు సైతం ఆనాడు చేయీ చేయీ కలపక తప్పదు. పల్లకీ దిగి వింత చూస్తున్న శెట్టి తౌడమ్మ అనే ముసలమ్మ కంటపడ్డాడు. ఆయన ఐశ్వర్యమెంతో ఆమెకక్కరలేదు.

"ఊరికే నిల్చున్నావేటి బాబూ! ఆ ఆకిటు అందియ్యి" అంది.

పొద్దు వాలేవరకు ఆకులందించి, అందరితో పాటు బంతిలో కూర్చుని, దొప్పలో పోసిన చోడి అంబలిని, అంటే రాగి జావను, శెట్టి మూడుమార్లు అడిగి మరీ తాగాడు. గౌరసాని పోయాక ఆయనకు ఆకలి వేయడం అదే మొదలు. కళ్లనీళ్లు ఆగలేదు.

ఇంత మేలు చేసిన తల్లికి ఎండుటాకులేమిటని ఆయన మనసు నొచ్చుకుంది. శిల్పులను రప్పించి, గుడి మట్టిగోడల చుట్టూ రాతిస్తంభాలెత్తించి, ఏనుగులచేత ఈడ్పించిన నల్లరాతి పలకలతో వెయ్యేళ్లకు చెక్కుచెదరని కప్పు వేయించాడు. మరుసటి జ్యేష్ఠంలో అదే రోజుకు, ఆ అంబలి ఆకలి మళ్లీ కలుగుతుందని గంపెడాశతో వచ్చాడు. తీరా చూస్తే గుడిముందు పిట్ట లేదు. తౌడమ్మ ఒక్కతే గడప తుడుస్తోంది.

"జనమేరీ అవ్వా?" అని అడిగాడు.

"ఎందుకొత్తారు బాబూ? అమ్మ తడవదు, మాతోటి పని నేదు. గట్టుకాడ కొట్టుకున్న అన్నదమ్ములు ఇప్పటికీ మాటాడుకోనేదు. నువ్వు మంచే సేసినావు. మాకే అచ్చిరానేదు."

ఆ మాట శెట్టి గుండెలో గుచ్చుకుంది. "తల్లీ! నీకు నీడనిచ్చానని మురిసిపోయి, నీ బిడ్డలను నీకు దూరం చేశాను" అని అమ్మవారి పాదాలపై పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పిమ్మట తానే నిచ్చెనెక్కి రాతిపలకకు భుజమానించాడు. ఏనుగులు లాగిన రాయి ఒక్క మనిషికి కదులుతుందా? అయినా ఆయన దిగలేదు. తౌడమ్మ పరుగున వెళ్లి ఇంటింటి తలుపూ తట్టింది. వేడుక చూడవచ్చిన జనమే, భుజం చీరుకుపోయి నెత్తురోడుతున్న ఆ పెద్దమనిషిని చూడలేక ఒక్కరొక్కరే పైకెక్కారు. మాటల్లేని అన్నదమ్ములు చెరో కొసా పట్టారు. కడపటి చేయి తగిలిందో లేదో, నీడలమ్మ మహిమ ఏమని చెప్పను, ఆ పలక ఎండిన తాటాకంత తేలికగా లేచి వచ్చింది!

మిగతా పలకలనూ అలాగే దించి, ఆనాడే మళ్లీ గుడికి ఆకు వేశారు. శెట్టి తన ఓడలను నావికులకే వదిలి, ఆ ఊళ్లోనే పాక వేసుకుని, రోజుకొకరింట అంబలి తాగుతూ తృప్తిగా జీవించాడు.

కప్పులేని ఆ స్తంభాలు నేటికీ తాటాకు గుడి చుట్టూ నిలిచి ఉన్నాయి. దించిన పలకలపైనే జనం అంబలి బంతికి కూర్చుంటారు. కప్పు నేసేనాడు ఒక్క ఆకు చోటు మాత్రం ఊరివారెవరూ పూడ్చరు. దారిన ఒంటరిగా పోయే మనిషిని పిలిచి ఆ మనిషి చేతనే వేయిస్తారు. ఒక్కో ఏడు ఆ మనిషి రాకముందే తొలకరి చినుకులు మొదలవుతాయి. అప్పుడు లోపల అమ్మవారూ, బయట ఊరూ కలిసి తడుస్తూ, ఆ మనిషి కోసం దారి చూస్తారు.