పిస్తోలు మీద పడిన చెయ్యి

సంహిత పిస్తోలు మొరాయించడం మొదలుపెట్టింది. మొదట్లో ఎప్పుడో ఒకసారి. తర్వాత రోజురోజుకీ ఎక్కువైంది. ట్రిగ్గర్ నొక్కితే పేలాల్సింది పోయి "టిక్" అని ఊరుకుంటుంది.

సెలక్షన్స్ చూస్తే నెత్తి మీదికొచ్చాయి. రాష్ట్ర జట్టులో అమ్మాయిలకి మిగిలింది ఒక్క చోటు. పోటీ సంహితకీ, మంజీరకీ. ఇద్దరూ మా ఉస్తాద్ శిష్యులే.

హనుమకొండ ఊరవతల గుట్టల మధ్య మా షూటింగ్ రేంజి. ఉస్తాద్ అంటే మస్తాన్ అలీ గారు. ఫౌజులో తుపాకి కాల్చడం నేర్పి, రిటైరై వచ్చి ఇక్కడ మాకు నేర్పుతున్నారు. నేనూ ఆయన దగ్గర చేరి తల నెరిసినవాణ్ణే. గురి కుదరలేదు గానీ రేంజిలో ఏ ముచ్చటైనా నా చెవిన పడకుండా పోదు.

సంహితది పోటీలకి వాడే పాయింట్ టూ టూ పిస్తోలు. పాత మోడలే అయినా మంచి రకం. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి సంపాదించుకుంది. దాన్ని ఎంత ముద్దుగా చూసుకునేదో! బారెల్‌కి ఒక బట్ట, పిడికి ఒక బట్ట. నూనె ఎక్కువైతే మళ్లీ తుడవడం. ఎవరైనా చెయ్యి చాపితే ఇవ్వడానికి ప్రాణం ఒప్పేది కాదు.

తూటాల డబ్బా మార్చి చూసింది. అదే తంతు. అప్పుడు ఆ పిల్ల బుర్రలో పురుగు దూరింది.

"ఎవలో ముట్టుకుంటున్నరన్నా," అంది ఒకరోజు నా చెవిలో.

"ఎవరు?"

మంజీర వైపు చూసి కళ్ళు తిప్పుకుంది.

మంజీర వాళ్ళ నాన్నది తుపాకులు బాగుచేసే దుకాణం. పుట్టిందగ్గర్నుంచీ స్ప్రింగులూ స్క్రూల మధ్య పెరిగిన పిల్ల. పైగా ఇద్దరివీ పక్కపక్క లాకర్లు. మొన్నమొన్నటిదాకా ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు కాబట్టి ఒకరి తాళం ఎక్కడుంటుందో ఇంకొకరికి తెలుసు. అనుమానపడటానికి ఇంతకంటే ఏం కావాలి?

సంహిత పిస్తోలు పెట్టె జిప్పుకి దారం కట్టడం మొదలుపెట్టింది. దారం తెగి ఉంటే "చూసినవా అన్నా!" అనేది. తెగకపోతే "తెలివిగ మళ్ల కట్టింది" అనేది. ఏమనాలి చెప్పండి! మంజీర చాయ్ తెచ్చిస్తే బల్ల మీద పెట్టి చల్లార్చి పారబోసేది. మంజీర నవ్వితే, ఎందుకు నవ్విందంటుంది. నవ్వకపోతే, తప్పు చేసింది గనకే నవ్వలేదంటుంది. ఈ మాట ఒక్కొక్కరి చెవినా వేసింది. మేమూ మంజీర చేతుల వైపే చూడసాగాం. పాపం ఆ పిల్ల ఎవరినీ ఏమీ అడగలేదు. వచ్చి, ఓ మూల తన పాటికి తాను కాల్చుకుని వెళ్ళిపోయేది.

చివరికి సంహిత ఉస్తాద్ దగ్గరికే వెళ్ళింది. ఆయన ఫైరింగ్ లైను దగ్గర కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. పిలవకపోయినా నేనూ వెనకే వెళ్ళాను.

"సెలక్షన్స్ అయ్యేదాంక మంజీరను రేంజికి రానియ్యకుండ్రి ఉస్తాద్. నా పిస్తోలు ఖరాబు చేస్తున్నది."

ఉస్తాద్ ఊఁ అంటే చాలు, మంజీరకి ప్రాక్టీసు ఉండదు, పేరూ మిగలదు. ఆ చోటు సంహితకి రాసిపెట్టినట్టే.

"నువ్వు చూసినవా బిడ్డా?"

"చూడలే. కానీ నాకు తెలుసు. అందుకే పెట్టె తీసినప్పుడల్లా చెక్ చేస్తున్న."

"ఎట్ల చేస్తున్నవ్?"

సంహితకి హుషారొచ్చింది. పిస్తోలు తీసి, మ్యాగజైన్ ఊడదీసి, లోపల తూటా లేదని చూసుకుని, టార్గెట్ల వైపు తిప్పి నొక్కింది. టిక్. పైన జరిగే స్లయిడ్‌ని వెనక్కి లాగి వదిలి మళ్లీ నొక్కింది. టిక్.

"ట్రిగ్గర్ బరువు ఎవలన్న మారిస్తే నా వేలికి తెలుస్తది ఉస్తాద్. పొద్దున తియ్యంగనె నొక్కి చూస్తా. పెట్టేటప్పుడు చూస్తా. చాయ్‌కి పోయొచ్చినా చూస్తా. ఒక్కనాడు కూడ ఇడిచిపెట్టలే."

"చాలు," అని ఉస్తాద్ చెయ్యి చాపారు.

పిస్తోలు తీసుకుని, స్లయిడ్ తెరిచి ఉంచి బల్ల మీద పెట్టారు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, ఒక పుల్లకి చిటికెడు దూది చుట్టి సంహితకి ఇచ్చారు.

"తూటా కూసునే గూడు ఉన్నది గదా. దాని అంచు మీద తిప్పు."

తిప్పింది. ఒక చోట దూది పట్టుకుంది. పోగులు అక్కడే వేలాడాయి. ఇంకో పుల్లకి దూది చుట్టి తిప్పింది. మళ్లీ అక్కడే పట్టుకుంది. సంహిత అగ్గిపుల్ల పక్కన పెట్టి వేలిగోటితో తడిమింది. ఇనుప అంచు నొక్కుకుపోయి గూట్లోకి ఒరిగింది.

"ఈ తూటాకు మందు యాడుంటది?" అన్నారు ఉస్తాద్.

"అంచుల."

"పిన్ను పోయి యాడ కొట్టాలె?"

"అంచు మీద."

"తూటా లేకపోతే?"

సంహిత వేలు ఆ నొక్కుకుపోయిన అంచు మీదే ఆగింది. పిస్తోలు చేతికివ్వకముందే మా అందరికీ చెప్పే సంగతి అది. ఈ రకం పిస్తోలుని ఖాళీగా కొట్టొద్దు, పిన్ను పోయి గూటి అంచునే నొక్కేస్తుంది, ఆపైన తూటా సరిగ్గా కూర్చోదు, వట్టి ప్రాక్టీసు కావాలంటే ప్లాస్టిక్ తూటా పెట్టుకోవాలి అని. కొత్తగా చేరినవాళ్ళకి సంహితే చెప్పేది, అదీ వేలు చూపించి మరీ!

"మరి మొదట్ల పేలనియి?" అంది సంహిత.

"డబ్బాల ఒకటి రెండు నాసివి ఉంటయి. అందరికీ ఉంటయి."

ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"బాగైతదా ఉస్తాద్?"

"ఇనుము కదా. బాగైతది."

అని, వెనక్కి తిరిగి కేకేశారు. "మంజీరా! నీ పనిముట్ల సంచి పట్టుకరా బిడ్డా."

మంజీర వచ్చింది. ఉస్తాద్ పిస్తోలు ముట్టుకోలేదు. సంహిత వైపు చూసి, "నువ్వే ఇయ్యి" అన్నారు.

సంహిత రెండు చేతులతో తీసి అందించింది. మంజీర పిస్తోలు వెలుతురుకి పెట్టి గూట్లోకి చూసింది. అంచు మీద వేలు పోనిచ్చింది. సంగతంతా అర్థమైపోయిందని ఆమె ముఖమే చెప్పింది.

"ఖాళీగ కొట్టినవా?"

"ఊఁ."

మంజీర బల్ల ముందు కూర్చుని, సంచి విప్పి, సన్నటి ఉక్కు కడ్డీలాంటిది తీసి నూనె బట్టతో తుడిచింది.

"నిన్ను రేంజికి రానియ్యొద్దని చెప్పిన, ఉస్తాద్‌కు," అంది సంహిత. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"తెలుసు."

ఆ ఒక్క మాటకి నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. ఉస్తాద్ కళ్ళద్దాలు పెట్టుకుని ఎటో టార్గెట్ల వైపు చూస్తున్నారు.

మంజీర కడ్డీ కొనని గూట్లోకి ఆనించి ఆగింది. తల ఎత్తకుండానే అడిగింది. "నిలబడి చూస్తవా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

"వద్దు," అంది సంహిత.

కుర్చీ లాక్కుని, మంజీరకి వీపు పెట్టి కూర్చుంది. వెనకాల ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పని అయ్యేదాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.