మేకపిల్ల మొదటి ఊపిరి

ఆశ్రమంలో ఊపిరి లెక్క తప్పనివాడు కోదండపాణి ఒక్కడే. పన్నెండేళ్ల సాధన. నడుస్తున్నా, బియ్యం ఏరుతున్నా అతని బొటనవేలు లెక్కపెడుతూ వేళ్ల కణుపుల మీద కదులుతూనే ఉండేది. కొత్తవాళ్లకు శ్వాస పాఠం చెప్పే పీట ఆ ఏడు ఖాళీ అయింది. అది తనకు తప్ప ఇంకెవరికీ తగదని అతని నమ్మకం.

ఆ పొద్దున పశువుల పాక దగ్గర గురువుగారిని ఆ పీట తనకిమ్మని అడిగేశాడు. గురువు విరజానందులు సన్యాసం పుచ్చుకోకముందు పశువుల డాక్టరు.

"స్వామీ, ఊపిరి నా గుప్పిట్లో ఉంది. నాకు తెలియకుండా ఒక్కటి లోపలికి రాదు, బయటికి పోదు."

"అంత కాపలా ఉంటే పాపం ఊపిరి ఎక్కడికి పోతుందిలే," అన్నారు గురువు. ఆయన చూపు ఈనుతున్న మేక మీద ఉంది.

పిల్ల గడ్డిలో పడింది. కదల్లేదు. గురువు దాని ముక్కూ నోరూ తుడిచారు. అయినా ఉలుకూ పలుకూ లేదు.

"కింద గదిలో గోనెపట్టా ఉంది. పరుగెత్తు."

కోదండపాణి నలభై మెట్లు దిగి, అంతే వేగంగా ఎక్కి వచ్చాడు.

"నువ్వే రుద్దు. వెన్ను వెంబడి."

మోకాళ్ల మీద కూలబడి రుద్దాడు. తడి బొచ్చు కింద పూసలు ఒక్కొక్కటీ వేళ్లకు తగులుతున్నాయి.

"దీనికి పాఠం చెప్పు నాయనా. నీ గుప్పిట్లోదేగా," అన్నారు గురువు.

అతను వినిపించుకోలేదు. "తియ్యవే తల్లీ, ఒక్కటి తియ్యి," అంటూ రుద్దుతూనే ఉన్నాడు.

చిన్న డొక్క ఒక్కసారి ఎగిరింది. పిల్ల తుమ్మింది. తల్లి మేక వచ్చి నాకడం మొదలుపెట్టింది.

కోదండపాణి వెనక్కి వాలి రొప్పుతున్నాడు. గురువు అరచెయ్యి అతని మెడ కింద, వెన్ను మీద ఆనింది.

"మెట్లు దిగినప్పటినుంచి ఎన్ని ఊపిర్లు?"

అతను తన వేళ్లకేసి చూసుకున్నాడు. బొటనవేలు ఏ కణుపు మీదా లేదు.

"మరిచిపోయాను స్వామీ."

"ఈ వెన్నుపాములో కొన్ని నరాల కణాలున్నాయి. ఒంట్లో బయటికి వదలాల్సిన చెడుగాలి పెరిగిందా, ఇంకా గట్టిగా పీల్చమని ఊపిరి కండరాలను తోస్తాయి. నీకూ మేకకూ ఒకటే ఏర్పాటు." గురువు చెయ్యి తీసేశారు. "నువ్వు మరిచావు. అవి మరవలేదు."

పిల్ల నాలుగు కాళ్లూ నాలుగు వైపులా జారుతుంటే కూడదీసుకుని లేచి, ఆశ్రమం తనదే అన్నట్టు మూతి పైకెత్తి నిలబడింది.

"రేపు పీట మీద నువ్వే కూర్చో," అన్నారు గురువు. "దీన్ని ఒళ్లో పెట్టుకుని చెప్పు."