కుర్చీ ఎటు ఒరిగింది

ఇసుక బస్తా నేల మీద పడి చిరిగేసరికి జిలానీ ఉస్తాద్ మధ్యాహ్నం నమాజు ముగించుకుని షెడ్డులోకి అడుగు పెడుతున్నాడు.

కుర్చీ ఎడమకు చివరిదాకా ఒరిగి, ఇనుప ఆపుకు కొట్టుకుని, అక్కడే ఆగి వణుకుతోంది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న వకుళ గబగబా స్విచ్ ఆపింది.

ఆటోనగర్‌లో ఆ షెడ్డుకు కదిలే సీట్ల షెడ్డని పేరు. ఎగ్జిబిషన్ల వాళ్ళకు, డ్రైవింగ్ స్కూళ్ళకు మోటార్లు పెట్టి సీట్లు చేసిస్తారు. ఈసారి చేస్తున్నది ఆట సీటు కాదు. పక్షవాతం వచ్చి, కూర్చుంటే ఒక పక్కకు వాలిపోయేవాళ్ళకు నిటారుగా కూర్చోవడం మళ్ళీ నేర్పే కుర్చీ. మెల్లగా అటూ ఇటూ ఒరుగుతుంది. మనిషి దానితో పాటు తనను తాను సర్దుకోవాలి.

మర్నాడు ఉదయం అందులో కోటమ్మ గారు కూర్చోవాలి.

ఆవిడ కిందటి వారం కొలతలివ్వడానికి వచ్చింది. కోడలి భుజం పట్టుకుని నిలబడి, "ఇది నన్ను పడెయ్యదు కదమ్మా?" అని వకుళను అడిగింది. వకుళ పది నిమిషాలు చెప్పింది. కుర్చీ ఎంత ఒరిగిందో సెన్సర్ చెబుతుందని, ఆ మాట విని బోర్డు మోటారును తిప్పుతుందని, పడేసే ప్రసక్తే లేదని. కోటమ్మ గారు అన్నిటికీ తలూపింది. గుమ్మం దాటుతూ అదే ప్రశ్న మళ్ళీ కోడలిని అడిగింది.

ఉస్తాద్ అది విన్నాడు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొత్త సీటులో మొదట ఇసుక బస్తా కూర్చుంటుంది. తర్వాత ఉస్తాద్. ఆ తర్వాతే ఇంకెవరైనా. కరెంటు ఇచ్చేది మాత్రం ఉస్తాద్ ఎదురుగా ఉన్నప్పుడే. వకుళ ఆ ఒక్కదానికీ ఆగలేకపోయింది. ఆయన వచ్చేసరికి కుర్చీ ఊగుతూ ఉండాలనుకుంది.

ఇప్పుడు తప్పు తనదని ఒప్పుకోవడానికి ఆమెకు కారణమేదీ కనిపించలేదు. కాలేజీలో నాలుగేళ్ళు చర్చా పోటీల్లో ఎదుటివాళ్ళను కూర్చోబెట్టిన పిల్ల. డ్రాయింగ్ తెచ్చి బల్ల మీద పరిచింది. మోటారు తీగలు రెండూ బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయంది. సెన్సర్ తీగలు మూడూ రంగులతో సహా సరిపోయాయంది. ప్రోగ్రాం మూడుసార్లు చదివానంది. కాబట్టి మోటారు చెడ్డదై ఉండాలి, లేదా బోర్డు అమ్మినవాడు మోసం చేసి ఉండాలి.

ఉస్తాద్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో తీగనూ వేలితో వెంబడించాడు.

"నువ్వు చెప్పిందంతా కరెక్టే బేటీ," అన్నాడు.

వకుళ వాదన గెలిచింది. అయినా కుర్చీ ఒక పక్కకే పడి ఉంది.

ఆయన పానా తీసుకుని మోటారుకూ కుర్చీకీ మధ్య ఉన్న కడ్డీని విప్పేశాడు. కుర్చీ వదులుగా ఊగింది. మోకాలు నొప్పికి చిన్నగా మూలుగుతూ అందులో కూర్చున్నాడు. సెన్సర్‌కు మాత్రమే కరెంటు ఇమ్మని, లాప్‌టాప్ ముందు కూర్చోమని చెప్పాడు. ఆ బల్ల గోడవైపు ఉంది. వకుళ వీపు ఆయన వైపు.

కాలితో నేలను తన్ని ఆయన ఒరిగాడు.

"ఎటు ఒరిగాను?"

కుర్చీ నిటారుగా ఉంటే తెర మీద అంకె ఐదు వందలు, కుడికి ఒరిగితే ఎక్కువ. ఇప్పుడది పైకి పోతోంది. "కుడికి."

"ఇప్పుడు?"

"ఇంకా కుడికి."

"ఇటు తిరిగి చూడు."

వకుళ తిరిగింది. ఉస్తాద్ ఎడమకు ఒరిగి ఉన్నాడు. ఒక కాలు గాల్లో ఉంది. టోపీ ఎడమ చెవి మీదికి జారింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, నొప్పి దాచుకుంటూ నవ్వుతున్నాడు.

ఆమె ఆయన్నూ తెరనూ మార్చి మార్చి చూసింది.

తర్వాత లేచి వెళ్ళి సెన్సర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. బొమ్మలో అది కుర్చీ ఇరుసుకు వెనక కొస మీద ఉంది. వెనక తీగలు గజిబిజిగా ఉన్నాయని తనే దాన్ని ముందు కొసకు మార్చింది. చూడముచ్చటగా ఉందని మురిసిపోయింది కూడా. ముందునుంచి చూసేదానికి కుడి ఎడమలు మారిపోతాయి.

కుర్చీ ఎడమకు పోతుంటే సెన్సర్ కుడికి పోతోందని చెప్పింది. బోర్డు ఆ మాట నమ్మింది. నిలబెడదామని మోటారు ఇంకా ఎడమకే తోసింది. ఎంత గట్టిగా నిలబెట్టబోయిందో అంత గట్టిగా పడేసింది.

వకుళ సెన్సర్ మూడు తీగల్లో రెండు చివరలవీ అటుదిటు, ఇటుదటు మార్చింది. ఉస్తాద్‌ను మళ్ళీ ఎడమకు ఒరగమంది. ఈసారి ముందు ఆయన్ను చూసింది, తర్వాత అంకెను. కుడికి ఒరగమంది. మళ్ళీ ఆయన్ను, మళ్ళీ అంకెను.

కడ్డీ బిగించాక, బస్తా చిరిగిపోయింది కాబట్టి తను కూర్చుంటానంది. దెబ్బ తగిలితే తనకే తగలాలని వాదించబోయింది.

ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"నీ దెబ్బ నువ్వు ఓర్చుకుంటావు బేటీ. నాకు తగులుతుందంటే ఇంకోసారి చూస్తావు," అని కళ్ళు మూసుకున్నాడు.

వకుళ ఇంకోసారి చూసింది. తీగలు, మరలు, ఆపు, ఆయన మోకాలు. మోటారు బలాన్ని పదో వంతుకు తగ్గించింది. ఒక చెయ్యి స్విచ్ మీద, రెండో చెయ్యి ఆయన భుజం మీద ఉంచి కరెంటు ఇచ్చింది.

కుర్చీ మెల్లగా ఒరిగింది. మెల్లగా నిలబడింది. ఉస్తాద్ కాసేపటికి నిజంగానే కునుకు తీశాడు.

మర్నాడు కోటమ్మ గారు వచ్చింది. కోడలు ఒక పక్కా వకుళ ఒక పక్కా పట్టుకుని కూర్చోబెట్టారు, పట్టీలు బిగించారు. ఆవిడ మంచి చెయ్యి కుర్చీని వదలడం లేదు.

"పడెయ్యదు కదమ్మా?"

ఉస్తాద్ అవతల ఏదో మోటారుకు తీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

వకుళ ఆవిడ ముందు నేల మీద కూర్చుని, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇప్పుడు ఎటు ఒరిగినట్టుంది మీకు?" అని అడిగింది.

"ఎడమకు... కాస్త ఎడమకు పోతున్నట్టుంది తల్లీ."

కుర్చీ నిటారుగానే ఉంది. వకుళ ఆ మాట అనలేదు.

"సరే. మీకు నిటారుగా అనిపించేదాకా చెబుతూ ఉండండి," అని, కుర్చీ వాలు సర్దే మరకు వేలు ఆనించి కొద్దిగా కుడికి తిప్పింది.